ఎక్స్.ఎమ్.ఎల్. పత్రములందలి వర్ణసంకేత నిర్ణయము: ‘బచేలి’ అను నామము నిదర్శనముగా

బైలదిల్లా ఇనుపగనుల చెంతనున్న బచేలి పేరు కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమున ప్రయాణించు తెలుగువారికి పరిచితమే. గోండి, హల్బీ, హిందీ, తెలుగు భాషలు కలిసి వినవచ్చు నిట్టి తావులలోని స్థలనామములను, మాండలిక పదములను ఎక్స్.ఎమ్.ఎల్. పత్రములుగా భద్రపరచుట నేటి పద్ధతి. అయితే ఆ పత్రమును చదువు ప్రోగ్రామునకు అక్షరములు కానరావు. 0 మొదలు 255 వరకు గల సంఖ్యలు, అనగా బైట్లు మాత్రమే కానవచ్చును. అవి ఏ సంకేతపద్ధతికి చెందినవో ముందుగా తేల్చవలెను.

ప్రకటనను చదివినగాని పద్ధతి తెలియదు. పద్ధతి తెలిసినగాని ప్రకటనను చదువరాదు. 1998 నాటి ఎక్స్.ఎమ్.ఎల్. 1.0 ప్రమాణము ఈ చిక్కును విడదీయుటకు మొదటి నాలుగు బైట్లను చూడుమని సూచించినది. 239, 187, 191 అను మూడు ముందున్నచో అది యు.టి.ఎఫ్.-8. 254, 255 ఉన్నచో, లేదా వానినే తలక్రిందు చేసి ఆపై రెండు సున్నలు రానిచో, యు.టి.ఎఫ్.-16. అట్టి చిహ్నము లేక 60, 63, 120, 109 ఉన్నచో అది ఆస్కీతో పొసగు పద్ధతి. ప్రకటన లాటిను అక్షరములలోనే యుండును గనుక, దానిని చదివి అందలి పేరును గ్రహింపవచ్చును. చిహ్నముగాని, ప్రకటనగాని, వెలుపలి సమాచారముగాని లేనిచో యు.టి.ఎఫ్.-8 అనియే గ్రహింపవలెను.

ఇంతవరకు సులభమే. ప్రకటన అబద్ధమాడినప్పుడే కష్టము.

యు.టి.ఎఫ్.-8లో ‘బచేలి’ పదునైదు బైట్లు. మొదటి ‘బ’ 224, 176, 172. దేవనాగరి ‘బ’ 224, 164, 172. లిపిభేదము బైట్లలోనే యున్నది. 1991 నాటి భారతీయ ప్రమాణమైన ఇస్కీలో అట్లు కాదు. అందు ‘బచేలి’ ఐదు బైట్లే: 202, 184, 225, 209, 219. ఇవి తెలుగునకును దేవనాగరికిని సమానము. ముందు 239, 69 అను జంట యున్నచో తెలుగు. 239, 66 ఉన్నచో దేవనాగరి. (239తోనే యు.టి.ఎఫ్.-8 చిహ్నమును మొదలగును. రెండవ బైటును చూడక నిర్ణయించు ప్రోగ్రాము నమ్మదగినది కాదు.)

ఈ ఐదింటిని యు.టి.ఎఫ్.-8 అని ప్రకటించినచో మోసము వెంటనే బయటపడును: 225 తరువాత 128–191 నడుమ రెండు బైట్లు రావలసియుండగా 209 వచ్చినది. నియమబద్ధమైన ప్రోగ్రాము అచ్చటనే ఆగును. ఐ.ఎస్.ఓ. 8859-1 అని ప్రకటించినచో ఏ దోషమును కానరాదు. ఆ పద్ధతిలో ప్రతి బైటునకు ఏదో యొక వర్ణము కలదు. యూనికోడుకు పూర్వము ముద్రణాలయములు వాడిన ఫాంటు సంకేతములలోని తెలుగు పాఠములు పెక్కులు ఇట్లే దొంగపేరుతో చెలామణి యగును. కావున మొదట యు.టి.ఎఫ్.-8 పరీక్షను కఠినముగా జరిపి, తప్పినపుడే ఇతర పద్ధతులను తలపవలెను; 8859-1ను ఊహించి మార్పుచేయుట నా దృష్టిలో పత్రమును చెరుచుటయే. మూలబైట్లను ఎట్లును ప్రత్యేకముగా దాచవలెను.

ఇస్కీ లిపిచిహ్నము జారిపోయిన పక్షమున కలుగు నష్టము వేరు. హిందీలో ఈ ఊరిపేరు దీర్ఘాంతము. దాని తుదిబైటు 220. తెలుగున హ్రస్వాంతము, 219. తెలుగు పాఠమును దేవనాగరిగా చదివిన ప్రోగ్రాము ఎట్టి దోషమును చూపక హ్రస్వాంతమైన హిందీ రూపము నొకదానిని పుట్టించును. దానిని చూచిన నిఘంటుకారుడు బస్తరు హిందీలో పదాంత దీర్ఘము హ్రస్వమగుచున్నదని వ్రాసికొనవచ్చును.