కృష్ణా, గోదావరి డెల్టాల తీరం - సముద్రమట్టం పెరుగుదల

కృష్ణా, గోదావరి నదులు తెచ్చిన ఒండ్రుమట్టితో ఏర్పడిన డెల్టాల తీరం మిక్కిలి పల్లపు ప్రాంతం. అందుచేత సముద్రమట్టం కొద్దిగా పెరిగినా ఇక్కడ ముప్పు అధికం.

కారణాలు

భూతాపం వలన సముద్రజలం వేడెక్కి వ్యాకోచించుట, హిమానీనదాలు, మంచు పలకలు కరుగుట సముద్రమట్టం పెరుగుటకు ముఖ్య కారణాలు. 1901 - 2018 మధ్య ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. 2006 - 2018 కాలంలో ఈ పెరుగుదల సంవత్సరానికి సుమారు 3.7 మిల్లీమీటర్లు.

డెల్టాలకు మరొక సమస్య కూడా కలదు. ఒండ్రునేల కాలక్రమంలో దానంతటదే క్రుంగుతుంది. పూర్వం వరదలు తెచ్చిన కొత్త మట్టి ఆ లోటును పూడ్చేది. శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి జలాశయాలలో మట్టి నిలిచిపోవుటచే తీరానికి చేరునది బాగా తగ్గినది. అనగా ఒకవైపు సముద్రం పైకి వస్తుండగా మరొకవైపు నేల క్రిందికి పోతున్నది.

ప్రభావాలు

* ఉప్పెన: 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది మరణించారు. సముద్రమట్టం పెరిగినకొలదీ అంతే బలం గల తుఫాను కూడా నీటిని మరింత లోపలికి నెట్టగలదు.
* ఉప్పునీరు: వేసవిలో నదీప్రవాహం తగ్గినపుడు సముద్రపు నీరు పాయల గుండా ఎగదన్నును. బావులు ఉప్పగా మారి, వరిపొలాలు చౌడుబారును.
* కోత: గోదావరి డెల్టాకు ఉత్తరాన గల ఉప్పాడలో ఇళ్ళు, రహదారి కోతకు గురైనవి.

రక్షణ

ఉప్పాడలో జియోట్యూబులతో కట్టిన గోడ అలల తాకిడికి దెబ్బతిన్నది. కోరింగ వంటి మడ అడవులు అలల ధాటిని తగ్గించి, వేళ్ళతో మట్టిని పట్టి ఉంచుతాయి. అయితే అవి పెరుగుతున్న నీటితో సమానంగా ఎదగాలంటే వాటికి కూడా నది తెచ్చే మట్టి అవసరం. కావున తీరరక్షణను నదుల నిర్వహణ నుండి వేరుచేసి చూచుట సాధ్యం కాదు.