పాత పికప్‌కు వెలుగు పెంచాలంటే బల్బు మారిస్తే చాలదు

వేముల మండలంలో అరటి గెలలు కోసేది పగలైనా, బండి కదిలేది చాలాసార్లు రాత్రే. కోత ముగిసి, తూకం వేసి, లోడు ఎత్తేసరికి పొద్దు గూకుతుంది. చీనీకాయలదీ ఇదే కథ. తెల్లవారేసరికి పులివెందుల యార్డుకో, అనంతపురం మార్కెట్టుకో చేరాలి. అందుకని పల్లెల్లో ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి పాత పికప్ కొనుక్కోవటం ఎక్కువైంది. కొనేటప్పుడు ఇంజను చూస్తాం, టైర్లు చూస్తాం, కమాన్ కట్టలు చూస్తాం. లైట్లు మాత్రం వెలిగితే చాలనుకుంటాం.

ఈ మధ్య ఒక రైతు బండిలో వేంపల్లె నుంచి రాత్రి పూట వేములకు వస్తున్నాను. బండికి పదేళ్లు దాటాయి. ఎదురుగా వచ్చిన లారీ దాటిపోగానే కళ్లకు చీకట్లు కమ్మాయి. ముందు రోడ్డు ఖాళీ అనుకున్నాం. తీరా చూస్తే వేరుశనగ కట్టె ట్రాలీ రోడ్డు మీదనే నిలబెట్టి ఉంది. వెనక ఎర్రలైటు లేదు, మెరిసే టేపు కూడా లేదు. మా బండి ఖాళీగా ఉంది కాబట్టి ఆయన పక్కకు తిప్పి తప్పించాడు. లోడు ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మరుసటి రోజే ఆయన 100/90 వాట్ల బల్బులు వేయించాడు. వారం తిరక్కుండానే బల్బు హోల్డరు కరిగిపోయింది. డబ్బులు పోయాయి, వెలుగూ రాలేదు.

ఆయనే కాదు, చాలామంది చేసే పొరపాటు ఇదే. కొత్త వెలుగు కొనే ముందు, ఉన్న లైట్లలో పోయిన వెలుగును వెనక్కి తెచ్చుకోవాలి.

ఎంత దూరం కనిపించాలి?

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం కనపడి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర పడుతుంది. అంటే 25 మీటర్లు అప్పటికే పోయాయి. పొడి తారురోడ్డు మీద బ్రేకు పట్టి ఆగటానికి ఇంకో 25 మీటర్లు కావాలి. మొత్తం 50 మీటర్లు. లోడు ఉన్నా, టైర్లు అరిగినా, వాన పడినా ఇంకా ఎక్కువే. మీ డిమ్ లైటులో 30 మీటర్లే కనపడుతుంటే, 60లో పోయే బండిని మీరు ఆపలేరు. వెలుగు పెరిగేదాకా వేగం తగ్గించటమే దారి.

ముందు వోల్టేజీ చూడండి

బోరుకు సన్న కేబులు వేస్తే మోటారు లాగదని మీకు తెలుసు. హెడ్ లైటుకూ అంతే. చాలా పాత బండ్లలో కరెంటు బ్యాటరీ నుంచి స్టీరింగు దగ్గరి స్విచ్చిలోకి వచ్చి, అక్కడి నుంచి సన్న వైర్లలో బల్బు దాకా పోతుంది. స్విచ్చి పాయింట్లు అరిగి, కనెక్టర్లకు చిలుము పట్టి, ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంటే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది.

హాలోజన్ బల్బుకు ఒక్క వోల్టు తగ్గితే వెలుగు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. రెండు వోల్టులు తగ్గితే నూటికి నలభై వంతులు పైనే పోతుంది.

దీన్ని మీటరుతో చూడటం తేలిక. ఇంజను స్టార్టు చేసి, లైట్లు వేసి ఉంచి బ్యాటరీ టెర్మినళ్ల మీద వోల్టేజీ చూడండి. తర్వాత బల్బు వెనక హోల్డరు దగ్గర చూడండి. రెండింటికీ తేడా అర వోల్టు దాటితే వైరింగు బాగు చేయించాలి. బ్యాటరీ దగ్గరే 13 వోల్టులు దాటకపోతే లోపం ఆల్టర్నేటర్‌లోనో, బెల్టులోనో, బ్యాటరీలోనో ఉంది. ముందు దాని సంగతి చూడండి.

రిలే అంటే చిన్న స్టార్టరు

వైరింగు లోపానికి మందు రిలే సెట్టు. బోరు మోటారు స్టార్టరు ఎట్ల పనిచేస్తుందో రిలే కూడా అట్లే. వేలితో నొక్కేది చిన్న బటను, మోటారుకు పోయే కరెంటు మాత్రం లోపలి కాంటాక్టుల మీదుగా పోతుంది. రిలే పెడితే స్టీరింగు స్విచ్చి సైగ మాత్రమే ఇస్తుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు వైరులో నేరుగా బల్బుకు చేరుతుంది.

డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి, రెండు రిలేలు కావాలి. రిలే మీద అంకెలు ఉంటాయి. 30 అంకె ఉన్న పిన్నుకు ఫ్యూజు మీదుగా బ్యాటరీ ప్లస్ రావాలి. 87 నుంచి బల్బుకు పోవాలి. 86కు పాత లైటు వైరు, 85కు ఎర్త్. మామూలు బల్బుల జతకు 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఆ ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. లేకుంటే వైరు ఎక్కడైనా రాసుకుని షార్టు అయితే బండికే మంట. బల్బుల ఎర్త్ వైర్లు కూడా కొత్తవి వేయించండి. కొన్ని బండ్లకు కంపెనీ నుంచే రిలేలు వస్తాయి. కొనే ముందు చూసుకోండి.

డూమ్ మసకబారితే ఏ బల్బూ వెలగదు

పగటి పూట లైటు ఆపి డూమ్ లోపలికి చూడండి. రిఫ్లెక్టరు కొత్త స్టీలు గిన్నె మాదిరి మెరవాలి. మసకబారినా, పొర లేచినా, నీళ్ల మరకలున్నా బల్బు మార్చి లాభం లేదు, డూమ్ మార్చాల్సిందే. ప్లాస్టిక్ ముఖం పసుపు పచ్చబడితే రుద్ది పాలిష్ చేస్తే కొన్నాళ్లు పనికొస్తుంది. ఎండకు మళ్లీ పచ్చబడుతుంది. పాత గుండ్రటి గాజు డూముకు ఈ బాధ లేదు.

డూమ్ జతగా కొనండి. మనం ఎడమ పక్క నడిపేవాళ్లం కాబట్టి మన డూములు డిమ్ వెలుగును ఎడమ అంచుకు కాస్త పైకి వేస్తాయి. కుడి పక్క నడిపే దేశాల డూము బిగిస్తే ఆ వెలుగు నేరుగా ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

ఇక బల్బుల సంగతి

పాత పికప్పుల్లో ఎక్కువగా ఉండేది హెచ్-4 రకం, 60/55 వాట్లు. బ్రైట్‌కు 60, డిమ్‌కు 55. ఈ వాట్లలోనే ఎక్కువ వెలుగు ఇచ్చే మంచి రకం బల్బులు దొరుకుతాయి. వాటి ఆయుష్షు మాత్రం తక్కువ. గుంతల దారిలో తిరిగే బండికి మామూలు కంపెనీ బల్బే మేలు. బల్బు గాజును వేళ్లతో ముట్టకండి. జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి త్వరగా పోతుంది.

100/90 బల్బుల జోలికి పోకండి. మామూలు జత బ్రైట్‌లో 10 ఆంపియర్లు లాగితే, ఇవి 16 నుంచి 17 ఆంపియర్లు లాగుతాయి. స్విచ్చి, హోల్డరు, డూమ్ మూడూ వేడికి పాడవుతాయి.

ఎల్.ఇ.డి. బల్బులు కరెంటు తక్కువ తింటాయి, తెల్లగా కనపడతాయి. అయితే మీ డూమ్ తయారైంది హాలోజన్ బల్బు లోపలి సన్న తీగ ఎక్కడ ఉంటుందో ఆ లెక్క మీద. ఎల్.ఇ.డి. దీపం సరిగ్గా ఆ చోట కూర్చోకపోతే వెలుగు చెల్లాచెదురై పైకి ఎగజిమ్ముతుంది. బండి ముందర పది మీటర్లు తెల్లగా కనపడేసరికి వెలుగు పెరిగిందని మురిసిపోతాం. దూరం మాత్రం చీకటే. కొన్ని ప్యాకెట్ల మీద 200 వాట్లు అని అచ్చేసి ఉంటుంది, దాన్ని నమ్మకండి. రంగు అంకె 6000 దాటితే నీలం ఛాయ వస్తుంది, ఎదుటివాడి కళ్లకు గుచ్చుతుంది. వెనక ఫ్యాను అడ్డమొచ్చి రబ్బరు మూత పట్టకపోతే దుమ్మూ నీళ్లూ డూములోకి చేరతాయి.

లోడు వేసి గోడ మీద చూడండి

ఏ బల్బు వేయించినా ఈ పని తప్పదు. చదునైన చోట గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలపండి. టైర్లలో గాలి సరిచూడండి. నేల నుంచి లైటు నడిమధ్య దాకా ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దతో గీత గీయండి. డిమ్ వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు 5 నుంచి 7 సెంటీమీటర్లు కింద పడాలి. అంచు గీత గీసినట్టు కనపడాలి. అంచే తెలియకుండా వెలుగు గోడంతా పరుచుకుంటే ఆ బల్బు మీ డూముకు పనికిరాదు. షాపులో ముందే మాట్లాడుకోండి, గోడ మీద చూశాకే డబ్బులని.

అసలు కిటుకు ఒకటుంది. ఈ కొలత ఖాళీ బండితో కాదు, మీరు మామూలుగా వేసే లోడుతో చూడాలి. గెలలు ఎత్తగానే వెనక కమాన్ కట్టలు కుంగి ముందు భాగం లేస్తుంది. బండి వెనక 5 సెంటీమీటర్లు కుంగితే 50 మీటర్ల దూరంలో వెలుగు దాదాపు 80 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. మీకు రోడ్డు కనపడదు, ఎదుటివాడికి మీ వెలుగు తప్ప ఇంకేమీ కనపడదు. కొన్ని బండ్లలో డ్యాష్ బోర్డు మీద లైటు ఎత్తు తగ్గించే మీట ఉంటుంది. ఉంటే లోడు వేసినప్పుడల్లా వాడండి.

చట్టం ఏమంటుంది?

1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ముందు లైటు ఎదుటివారి కళ్లు చెదరగొట్టకుండా కిందికి వంచి ఉండాలి. అనుమతి లేకుండా ముందు స్పాట్ లైట్లు బిగించకూడదు. 2019లో చట్టం సవరించాక, అనుమతించని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఎఫ్.సి. చేయించాలి కదా. అక్కడా లైట్లు చూస్తారు.

డబ్బు ఏ వరుసలో పెట్టాలి?

మొదట కనెక్టర్లు, ఎర్త్ శుభ్రం చేయించి, గోడ మీద లైటు సరిచేయించండి. దీనికి కూలి తప్ప ఖర్చు లేదు. తర్వాత రిలే సెట్టు, మంచి 60/55 బల్బుల జత. మసకబారి ఉంటే డూముల జత. ఇవన్నీ అయినా చాలకపోతేనే వేరే ఆలోచన.

చివరగా ఒక మాట. ఎదురు బండి కనపడగానే డిమ్ చేయండి. రాత్రి ఆ రోడ్డు మీద ఎదురొచ్చేది ఎవరో పరాయివాళ్లు కాదు. మన ఊరి మోపెడ్డు, పక్క ఊరి గొర్రెల మంద, మోటారు వేసి తోట నుంచి నడిచొస్తున్న మన అన్నదమ్ముడే. అట్లే మీ పికప్పుకూ, ట్రాక్టరు ట్రాలీకీ వెనక ఎర్ర మెరుపు టేపు అంటించండి. ఆ రాత్రి ఆ ట్రాలీ వెనక మూర టేపు ఉండి ఉంటే, మా మసక లైట్లకు కూడా కనపడి ఉండేది.