రొమ్మున చేరిన నీటికి దారి యేది?

నాగావళి, వంశధార పొలములలో సేద్యము చేయువా రెఱిగిన సంగతి యొకటి కలదు. ఎంత పెట్టినను ఎగువ మడిలో నీరు నిలువదు. దిగువ మడి నిండుచుండును. గట్టు పైకి బాగుగనే యుండును గాని, లోపల పీత బొఱియ యుండును.

కాలేయము గట్టిపడిన రోగులలో నూటికి 5 మొదలు 10 మందికి ఇట్లే జరుగును. పొట్టలో ఊరిన నీరు, డయాఫ్రమను కండరపు తెరలోని సన్నని రంధ్రముల గుండ రొమ్మునకు, తఱచుగా కుడివైపునకు, చేరును. రొమ్ము పైనున్నను, ఊపిరి పీల్చునప్పుడెల్ల నీటిని తనవైపున కీడ్చుకొనును. కావున ఒక్కొక్కప్పుడు పొట్టలో నీరే కనబడదు. అప్పుడు క్షయయో, మఱియొక వ్యాధియో యని సందేహము కలుగుట సహజము.

ఆ సందేహమును తీర్చునది అణువైద్యము. 1937లో కనుగొనబడిన టెక్నీషియమను మూలకపు టొక రూపమును గంధకపు సూక్ష్మకణములతో గూర్చి, స్వల్పముగా పొట్టలోనికి సూదితో నెక్కింతురు. దాని తేజము 6 గంటలలో సగమగును. గామా కెమెరా దాని జాడను పట్టును. కొన్ని గంటలలో ఆ జాడ రొమ్మున గానవచ్చినచో నీటిదారి తెలిసినట్లే.

ఇది తెలియుట యేల? రొమ్మునకు గొట్టమమర్చి విడిచినచో నీ రెడతెగక కాఱి, మాంసకృత్తులు, లవణములు నష్టమై, ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఉప్పు తగ్గించుట, మూత్రము జారీచేయు మందులు, అవసరమైనపుడు సూదితో నీరు తీయుట, కడకు కాలేయమార్పిడి, ఇవి తగిన మార్గములు. కావున కాలేయవ్యాధి గలవారికి ఆయాసము కలిగినచో, ఆ పూర్వవ్యాధిని వైద్యునకు దాపక చెప్పవలెను.