నీటిని వద్దని నూనెను పట్టే రాతిపొడి

మా యింటి పిల్లవానికి ఎవరో యిచ్చిన ఆటవస్తువులలో ఒక చిన్న సీసాడు రంగు ఇసుక వచ్చింది. గ్లాసెడు నీళ్ళలో పోసి చెంచాతో పైకి తీస్తే పొడిగా రాలిపోతుంది. ఆ నీళ్ళమీదే నాలుగు చుక్కలు నువ్వులనూనె వేసి పైన చల్లి చూడండి: నూనెను అంటిపెట్టుకొని ముద్దగా అడుగుకు దిగుతుంది. తామరాకు తనమీద నీటిని నిలవనివ్వదు గదా! ఇసుక రేణువుకు సిలికోన్ జాతి పూత పూసి ఆ గుణమే తెప్పించారు.

ఈ ఆటకు సముద్రంలో పెద్ద పని వున్నది. 1967 మార్చి 18న ఇంగ్లండు నైరుతి కొస దగ్గర టారీ కాన్యన్ అనే ఓడ రాతిదిబ్బ నెక్కి, మోసుకొస్తున్న సుమారు 1,19,000 టన్నుల కువైటు ముడిచమురును కడలిపాలు చేసింది. ఆంగ్లేయులు దాదాపు 10,000 టన్నుల డిటర్జెంటు మందులు చల్లారు. నత్తలూ గుల్లలూ నూనెకన్న ఆ మందులకే ఎక్కువగా చచ్చాయి. ఫ్రెంచివారి దారి వేరు. బిస్కే అఖాతంలోకి తేలివచ్చిన తెట్టుమీద సుమారు 3,000 టన్నుల సుద్దపొడి చల్లారు. వట్టి సుద్ద కాదు, నూటికి ఒక పాలు సోడియం స్టియరేట్ పట్టించినది. మన బావి ఉప్పునీళ్ళలో సబ్బు రుద్దితే బకెట్టు అంచున జిడ్డు పేరుకుంటుంది చూడండి, సుద్దరేణువును కప్పేది అటువంటి పొరే. దానికి నీరంటదు, నూనె వదలదు. సుద్ద బరువుకు చమురు మునిగిపోయింది.

కంటికి కనబడటం లేదు గనుక పని తీరినట్లేనా? అడుగున బ్రతికే పీతల మాటేమిటి? నట్టిల్లు ఊడ్చి చెత్త పెరట్లో పోసినట్లే నాకు తోస్తుంది. ఈ ముంచే పద్ధతిని యిప్పుడు చాలా దేశాలలో ఒప్పుకోరు.

కనుక తేలే రాయి కావాలి. రామసేతువు దాకా వెళ్ళనక్కరలేదు. మేడమీద తొట్లలో మొక్కలు పెంచేవారికి వర్మిక్యులైట్ తెలిసేవుంటుంది. తిరుపత్తూరు దగ్గరి సేవత్తూరులోనూ, నెల్లూరు జిల్లా అభ్రకపు నేలల్లోనూ దొరుకుతుంది. చూడబోతే అభ్రకపు పలుకే. కొలిమిలో సుమారు 900 డిగ్రీల వేడి తగిలేసరికి పొరలమధ్య నీరు ఆవిరై, వడ్లు పేలాలైనట్లు విచ్చుకుంటుంది. పెర్లైట్ అనే అగ్నిపర్వతపు గాజురాయీ అంతే. అయితే పూత లేకుండా వేస్తే యివి నీటినీ తాగుతాయి, నూనెకు చోటు మిగలదు. సిలికోనో మైనమో పట్టిస్తే తేలుతూ నూనెనే పీలుస్తాయి.

మరి ఎన్నూరులో బకెట్లెందుకు పట్టారంటారా? 2017 జనవరి 28 తెల్లవారుజామున కామరాజర్ రేవు వెలుపల బి.డబ్ల్యు. మేపుల్, డాన్ కాంచీపురం అనే ఓడలు గుద్దుకొని, ఇంధనపు నూనె తీరం వెంబడి పరచుకొన్నది. ఎర్నావూరు రాళ్ళమధ్యకు చేరేసరికి అది నూనెగా లేదు. అలలు చిలికి చిలికి, సముద్రపు నీరు కలిసి, తారుముద్ద అయింది. అంత చిక్కనిది పలుకుల సందుల్లోకి ఎక్కదు. చివరకు విద్యార్థులూ కూలీలూ జాలరులూ బారులు తీరి చేతులతో ఎత్తిపోశారు. పట్నంలో చేపలు కొనడానికే జనం జంకారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతోపాటు చమురు ఎన్నూరు కయ్యలోకి చేరినప్పుడూ జాలరులు మగ్గులతో తోడుకొన్నారు.

రాతిపొడికి అదను కావాలి. నూనె యింకా పలుచగా వున్న తొలి గంటలు, రేవులోపలి నిలకడ నీరు, లేదా నేలమీద ఒలికిన చమురు, అక్కడే దాని బలం. నడిసముద్రంలో విడిగా చల్లితే గాలికి కండ్లలో పడుతుంది, సగం ఎటో కొట్టుకుపోతుంది. గుడ్డసంచులలో కుట్టి, వరుసగా తాడుకు కట్టి నీళ్ళమీద వేయడం మేలు. నూనె పట్టిన సంచులన్నీ మరల ఒడ్డు చేరాలి, లేకుంటే తాగినదాన్ని మెల్లగా కక్కుతాయి. గుమాస్తా బుద్ధి గనుక నాకు ఒకటి తోస్తుంది: దించిన సంచులెన్ని, పైకి తీసినవెన్ని అని రెండు గళ్ళలో రాసుకొనే మనిషి కూడా ఆ పడవలో వుండాలి.