పేజీ చెదిరిందా... పాత సరుకు తీసేయండి!

దరఖాస్తుకి అదే ఆఖరి రోజు. వెబ్‌సైట్ తెరిస్తే అక్షరాలు ఒకదానిమీద ఒకటి, బొమ్మలు మాయం, బటన్ ఎంత నొక్కినా ఉలకదు. రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లంతకుంటలోనైనా, అమెరికాలోనైనా చాలామంది 'సైటు పనిచేయట్లేదు' అని లేచిపోతారు. ఒక్కోసారి లోపం సైటుది కాదు, ముందున్న కంప్యూటర్లోని బ్రౌజర్‌ది!

ఒకసారి చూసిన పేజీలోని బొమ్మలూ ఫైళ్లూ బ్రౌజర్ దాచుకుంటుంది, మళ్లీ త్వరగా చూపించడానికి. అదే క్యాష్... డబ్బు కాదు లెండి! సైటు మారినా ఇక్కడ పాత ఫైళ్లే ఉంటే రెంటికీ పొసగదు. కుకీలు వేరు. వచ్చిందెవరో సైటు గుర్తుపట్టేందుకు పెట్టే చిన్న చీటీల్లాంటివి. 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లీ వీటిని రూపొందించాడు.

ముందు కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కాలి. ఫలితం లేకపోతే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కి క్యాష్ చెరిపేయాలి. అప్పటికీ మారకపోతేనే కుకీల జోలికెళ్లాలి. అవి పోతే మళ్లీ లాగిన్ అవ్వాలి. అందుకే సగం నింపిన దరఖాస్తుని ముందే సేవ్ చేసుకోవాలి. పాస్‌వర్డుల దగ్గర టిక్ ఉంటే తీసేయాలి.

నెట్ సెంటర్లో అయితే పని ముగిశాక లాగవుట్ అయి, కుకీలు చెరిపి లేవడం మంచిది. లేదంటే తర్వాత కూర్చున్నవాళ్లకి మీ ఖాతా తెరిచి ఇచ్చినట్టే!