న్యాయస్థాన లేఖకులు

పలికిన మాట మరుక్షణంలో గాలిలో కలిసిపోతుంది. వ్రాసిన మాట నిలుస్తుంది. మానవుడు లిపిని కల్పించుకోవడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది. మాటలమీదనే ఆధారపడి నడిచే వ్యవస్థలలో న్యాయస్థానం ఒకటి. సాక్షి చెప్పిన సంగతి, న్యాయవాది వేసిన ప్రశ్న, న్యాయమూర్తి చేసిన నిర్ణయం వ్రాతలో నిలిచినప్పుడే పై న్యాయస్థానం వాటి మంచిచెడ్డలను పరిశీలించగలుగుతుంది. వ్రాత లేనిచోట అప్పీలు చేసుకొనే హక్కు ఉన్నా లేనట్లే. ఆ వ్రాతపనిని నిర్వహించేవారే న్యాయస్థాన లేఖకులు. వాదప్రతివాదాల నడుమ నోరు మెదపకుండా కూర్చొనే వీరి సంఖ్య, వయస్సు, వేతనం సామాన్యునికి దక్కే న్యాయంతో ఎంతగా ముడిపడి ఉన్నాయో తెలుసుకోవడానికి అమెరికా అనుభవం చక్కని ఉదాహరణ.

వ్యాసుడు భారతం చెబుతుంటే విఘ్నేశ్వరుడు వ్రాశాడని ప్రసిద్ధమైన కథ. తన ఘంటం ఆగకుండా చెప్పాలని గణపతి నియమం పెట్టాడు. అర్థం తెలుసుకోకుండా ఏదీ వ్రాయరాదని వ్యాసుడు ప్రతినియమం పెట్టాడు. వేగం, అవగాహన అనే ఈ రెండు నియమాలూ నేటి న్యాయస్థాన లేఖకునికి కూడా వర్తిస్తాయి. వేగం లేకపోతే మాట జారిపోతుంది. అవగాహన లేకపోతే మాట మారిపోతుంది.

వేగంగా వ్రాయడానికి సంక్షిప్తలిపి అవసరమైంది. పద్దెనిమిదో శతాబ్దంలోనే లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో థామస్ గర్నీ సంక్షిప్తలిపి లేఖకుడుగా పనిచేశాడు. ఆ గర్నీ పద్ధతినే నేర్చుకొని, నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన యౌవనంలో న్యాయస్థానాలలోనూ, పార్లమెంటులోనూ ప్రసంగాలను వ్రాసుకొనేవాడు. 1837లో ఐజక్ పిట్‌మన్ ధ్వనుల ఆధారంగా రూపొందించిన పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. మన పట్టణాలలోని టైపు ఇన్‌స్టిట్యూట్‌లలో షార్ట్‌హ్యాండ్ పేరుతో తరతరాలుగా నేర్పిస్తున్నది ప్రధానంగా ఈ పద్ధతినే.

అమెరికాలో చేతివ్రాత స్థానాన్ని క్రమంగా స్టెనోటైప్ అనే యంత్రం ఆక్రమించింది. దీనికి సాధారణంగా ఇరవైరెండు మీటలు మాత్రమే ఉంటాయి. టైపు యంత్రంలో ఒకసారి ఒక అక్షరమే పడుతుంది. స్టెనోటైప్‌లో వీణ తీగలను ఒక్కసారిగా మీటినట్లు అనేక మీటలను కలిపి నొక్కుతారు. ఒక్క నొక్కుతో ఒక ధ్వనిభాగమో, ఒక పూర్తి పదమో నమోదవుతుంది. ఆ సంకేతాలను కంప్యూటరు మామూలు భాషలోకి మారుస్తుంది. అక్కడి జాతీయ సంఘం నిర్వహించే ప్రాథమిక స్థాయి ధ్రువీకరణ పరీక్షలో సాక్ష్యాన్ని నిమిషానికి 225 పదాల వేగంతో, కనీసం 95 శాతం ఖచ్చితత్వంతో వ్రాయాలి. ఈ నేర్పు సంవత్సరాల అభ్యాసం వల్ల గాని పట్టుబడదు. అందుకే శిక్షణలో చేరినవారిలో చాలామంది మధ్యలోనే మానివేస్తారు.

వ్రాయడంతో లేఖకుని బాధ్యత తీరదు. ప్రతిని సరిచూసి, ఇది యథాతథమైన నమోదు అని చివర ధ్రువపత్రం జతచేసి సంతకం పెట్టాలి. మన ప్రాచీన తామ్రశాసనాలు అనేకం చివర రచించినవారి పేరో, చెక్కినవారి పేరో పేర్కొంటాయి. వ్రాతకు ఒక మనిషి పూచీ పడడమే ఈ రెండింటిలోని సమానధర్మం.

ఇక ఈ వృత్తిలో ఉన్నవారెవరు? ఆరంభంలో ఇది పురుషుల వృత్తి. చాలా ఉద్యోగాల తలుపులు స్త్రీలకు మూసి ఉన్న కాలంలో సంక్షిప్తలిపి, టైపు వారికి కొత్త దారి చూపాయి. వేగపరీక్షలో వ్రేళ్ళ నేర్పే తప్ప స్త్రీపురుష భేదం లెక్కకు రాదు. క్రమంగా ఈ వృత్తి స్వరూపం పూర్తిగా మారింది. నేడు అమెరికాలోని న్యాయస్థాన లేఖకులలో ఇంచుమించు పదింట తొమ్మిదిమంది స్త్రీలే. వీరి సగటు వయస్సు యాభై అయిదు సంవత్సరాల ప్రాంతంలో ఉన్నది. ఆ దేశపు శ్రామికులందరినీ తీసుకొంటే మధ్యస్థ వయస్సు నలభైరెండుకు దగ్గరగా ఉంటుంది. అంటే ఈ వృత్తి దేశంకంటే ముందుగా వృద్ధాప్యాన్ని సమీపిస్తున్నది.

ఈ ప్రమాదాన్ని అక్కడి జాతీయ సంఘం ముందుగానే గుర్తించింది. 2013-14లో ఆ సంఘం చేయించిన అధ్యయనం 2018 నాటికి సుమారు 5,500 మంది లేఖకుల కొరత ఏర్పడుతుందని అంచనా వేసింది. అప్పుడు పనిచేస్తున్నవారిలో 70 శాతం మంది ఇరవై ఏళ్ళలో పదవీ విరమణ చేస్తారని కూడా హెచ్చరించింది. విరమించేవారి స్థానంలో యువత రావాలి. కాని శిక్షణ సంస్థలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఈ వృత్తి ఒకటున్నదన్న సంగతే చాలామంది యువకులకు తెలియదు. తెలిసినవారిలో కొందరు, రేపో మాపో యంత్రాలు ఈ పనిని చేస్తాయన్న శంకతో వెనుకాడుతున్నారు.

వేతనం తక్కువ కావడం వల్ల ఈ కొరత వచ్చిందా అంటే, గణాంకాలు వెంటనే అవునని చెప్పవు. అమెరికా కార్మిక గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2024లో న్యాయస్థాన లేఖకుల మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 67 వేల డాలర్లు. అదే సంవత్సరం అన్ని వృత్తుల మధ్యస్థ వేతనం 49,500 డాలర్లు. ఇక్కడ మధ్యస్థం అన్న మాటను సరిగా గ్రహించాలి. అందరినీ వేతన క్రమంలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచినవారి వేతనమే మధ్యస్థం. సగంమందికి అంతకంటె ఎక్కువ, సగంమందికి తక్కువ వస్తుంది. కనుక ఒక్క అంకెను చూసి వృత్తి అంతటినీ అంచనా కట్టరాదు.

లేఖకుల ఆదాయంలో తేడాలకు కారణం వారి వేతన విధానంలోనే ఉన్నది. 1944 నాటి చట్టం ద్వారా అమెరికా ఫెడరల్ జిల్లా న్యాయస్థానాలలో అధికారిక లేఖకుల నియామకం స్థిరపడింది. వీరికి జీతం ఉంటుంది. దానికి తోడు ప్రతులు కోరిన కక్షిదారుల నుండి పుటకు ఇంత అని రుసుము లభిస్తుంది. ఆ రుసుముకు పరిమితి ఉంటుంది. సాధారణ ప్రతికి పుట ఒక్కంటికి 3.65 డాలర్లుగా 2007లో నిర్ణయించిన గరిష్ఠ రుసుము 2023 వరకు మారలేదు. ధరలు మాత్రం ఆ పదహారేళ్ళూ ఆగి ఉండలేదు. న్యాయస్థానం వెలుపల, న్యాయవాదుల కార్యాలయాలలో వాఙ్మూలాలు నమోదు చేసే స్వతంత్ర లేఖకులకు నెలజీతం ఉండదు. పని ఉన్ననాడే ఆదాయం. పైగా యంత్రం, కంప్యూటరు ప్రోగ్రాములు చాలామంది స్వంత ఖర్చుతోనే కొనుక్కోవాలి. ప్రతిని సరిదిద్దే సహాయకులకూ తమ రాబడిలో నుండే చెల్లించాలి. పగలు వ్రాసినదాన్ని రాత్రిళ్ళు కూర్చొని సరిచూసుకొనే కాలానికి వేరే కూలి లేదు.

లేఖకులు కరవైతే నష్టపోయేది ఎవరు? ధనవంతుడు వేల డాలర్లు వెచ్చించి స్వతంత్ర లేఖకుని వెంట తెచ్చుకొంటాడు. పేదవానికి ఆ శక్తి లేదు. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక ఖైదీ తనకు జైలులో జరిగిన వైద్యం విషయమై వైద్యునిపై దావా వేశాడు. పేదరికం కారణంగా అతనికి న్యాయస్థాన రుసుముల నుండి మినహాయింపు ఉన్నది. కాని సివిలు దావాలకు లేఖకుని సమకూర్చే ఏర్పాటు ఆ న్యాయస్థానంలో లేదు. విచారణ వ్రాత లేకుండానే సాగి, దావా వీగిపోయింది. అతడు అప్పీలు చేసుకొంటే, విచారణలో ఏమి జరిగిందో తెలిపే నమోదు లేనందువల్ల అది కూడా నిలువలేదు. చివరకు 2018లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది. రుసుముల మినహాయింపు పొందిన పేదవారు కోరితే లేఖకుని ఉచితంగా సమకూర్చాలన్నది.

తీర్పు వెలువడింది గాని లేఖకులు పెరగలేదు. 2022 నవంబరులో లాస్ ఏంజెలెస్ న్యాయస్థానం కుటుంబ, వారసత్వ వ్యవహారాల విచారణలకు మామూలుగా లేఖకులను సమకూర్చడం ఆపివేసింది. బిడ్డ ఎవరివద్ద పెరగాలి, హింసకు గురైన భార్యకు రక్షణ ఉండాలా అన్న ప్రశ్నలు తేలేది కుటుంబ న్యాయస్థానాలలోనే. 2023లో ఆ న్యాయస్థానం కొత్తగా చేరే లేఖకులకు 50 వేల డాలర్ల వరకు ప్రోత్సాహకాలు ప్రకటించింది. అయినా కొరత తీరలేదు. 2024 సెప్టెంబరులో, లేఖకులు దొరకని కొన్ని ముఖ్యమైన విచారణలలో ధ్వనిముద్రణ యంత్రాలను వాడుకోవడానికి అనుమతిస్తూ ఉత్తర్వు వెలువడింది. అటువంటి వ్యవహారాలలో యంత్ర నమోదును రాష్ట్ర చట్టం పరిమితం చేసి ఉన్నందున దీనిపై లేఖకుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి.

ఉభయపక్షాల వాదంలోనూ సత్యం ఉన్నది. యంత్రం అలసిపోదు, ఖర్చు తక్కువ. కాని ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఆగమని చెప్పదు. మాట వినిపించకపోతే మళ్ళీ చెప్పండని అడగదు. మనిషి అడుగుతాడు. అయితే మనిషే దొరకనిచోట, ఏ వ్రాతా లేకపోవడం కంటే యంత్రం చేసిన నమోదు మేలు కాదా అన్నది కక్షిదారుల ప్రశ్న.

మన దేశంలో పద్ధతి కొంత భిన్నం. క్రింది న్యాయస్థానాలలో సాక్షి చెప్పినదాన్ని న్యాయమూర్తి విని, కథనరూపంలో చెబుతుంటే స్టెనోగ్రాఫరో, టైపిస్టో నమోదు చేయడం పరిపాటి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సాక్షి తెలుగులో చెప్పినది తరచుగా ఆంగ్లంలో నమోదవుతుంది. మాట భాష మారేచోట భావం మారకుండా చూడవలసిన బరువు అదనంగా పడుతుంది. 2023 ఫిబ్రవరిలో భారత సర్వోన్నత న్యాయస్థానం రాజ్యాంగ ధర్మాసనం ముందు జరిగిన వాదనలను కృత్రిమ మేధ సహాయంతో అక్షరరూపంలోకి మార్చే ప్రయత్నం ఆరంభించింది. అయినా సంక్షిప్తలిపి విలువ మన దేశంలో పోలేదు. కేంద్రప్రభుత్వ కార్యాలయాల స్టెనోగ్రాఫర్ల నియామకానికి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే పరీక్షకు ఇంటర్మీడియట్ విద్యార్హత చాలు. అందులో ఉన్నతశ్రేణికి నిమిషానికి 100 పదాలు, దాని తరువాతి శ్రేణికి 80 పదాలు వ్రాయగల నేర్పు ఉండాలి.

ఒక వృత్తికి సమాజం ఇచ్చే విలువ ఆ వృత్తిలోకి యువతను ఆహ్వానించే తీరులో తెలుస్తుంది. లేఖకులకు తగిన శిక్షణ, శ్రమకు తగిన ప్రతిఫలం కల్పించడం కేవలం ఉద్యోగుల సంక్షేమం కాదు. న్యాయస్థానం మెట్లెక్కిన నిరుపేద పలికిన మాట, పై న్యాయస్థానం వరకు చెక్కుచెదరకుండా చేరడానికి అది పూచీ.

కఠినపదాలు - అర్థాలు

ఘంటం : తాటాకుపై వ్రాసే లోహపు కలం
వాఙ్మూలం : నోటితో చెప్పిన సాక్ష్యం
కక్షిదారు : వ్యాజ్యంలో ఒక పక్షానికి చెందినవారు
యథాతథం : ఉన్నది ఉన్నట్లు
పరిపాటి : వాడుక, అలవాటు
పూచీ : హామీ, బాధ్యత

ప్రశ్నలు

1. గణపతి, వ్యాసుల నియమాలు న్యాయస్థాన లేఖకులకు ఎలా వర్తిస్తాయి?
2. మధ్యస్థ వేతనం అంటే ఏమిటి? లేఖకుల ఆదాయంలో తేడాలకు కారణాలు తెలపండి.
3. లేఖకుల కొరత పేదలకు దక్కే న్యాయంపై చూపే ప్రభావాన్ని సోదాహరణంగా వివరించండి.
4. న్యాయస్థానంలో మనిషి వ్రాత మేలా, యంత్ర నమోదు మేలా? చర్చించండి.