ఖాళీ డబ్బాలో దాగిన విద్యుత్తు

పాత ఇనుప సామానూ, చిల్లుపడిన సత్తు గిన్నెలూ ఇచ్చి ఉల్లిపాయలో పీచుమిఠాయో పుచ్చుకొనడం మన పల్లెలకు చిరకాలంగా తెలిసిన అలవాటు. బండివాని కేక వినబడగానే పిల్లలు ఇల్లంతా గాలించేవారు. పనికిరాని వస్తువును మరల పనిలో పెట్టడం, అందులో ఇంటిల్లిపాదీ ఉత్సాహంగా పాల్గొనడం మనకు కొత్త కాదు. ఆ సత్తు గిన్నెల లోహమే అల్యూమినియం. శీతల పానీయాలు నింపే తేలికైన డబ్బాలు కూడా దానితో చేసినవే. వాటి విషయంలోనూ ఆ ఉత్సాహం అవసరం.

ఎందువలననగా, అల్యూమినియం ప్రకృతిలో సిద్ధంగా దొరకదు. ఇంచుమించు 4 టన్నుల బాక్సైట్ ఖనిజాన్ని శుద్ధిచేస్తే 2 టన్నుల అల్యూమినా అనే తెల్లని పొడి, దాని నుండి 1 టన్ను లోహం లభిస్తాయి. పొడి నుండి లోహాన్ని విద్యుత్తుతో వేరుచేసే పద్ధతిని 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ విడివిడిగా కనుగొన్నారు. నేటికీ పరిశ్రమకు అదే ఆధారం. ఈ పద్ధతిలో ఒక కిలో లోహానికి సుమారు 14 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. పాత అల్యూమినియమైతే 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిపోతుంది. కొత్త లోహానికి కావలసిన శక్తిలో దాదాపు 5 శాతంతోనే పని నెరవేరుతుంది.

ఈ లోహం వెనుక పలు ప్రాంతాల శ్రమ ఉన్నది. 1981లో స్థాపితమైన జాతీయ అల్యూమినియం సంస్థ ఒడిశాలోని పంచపట్మలి కొండలలో బాక్సైట్ త్రవ్వి, దామన్‌జోడిలో అల్యూమినాగా మార్చి, అంగుల్‌లో లోహం తీస్తుంది. దాని అల్యూమినా విశాఖపట్నం రేవు నుండి విదేశాలకు ఎగుమతి అవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా, ఉత్తరప్రదేశ్‌లోని రేణుకూట్ కూడా ఈ పరిశ్రమకు పేరుపడిన స్థలాలే. ఒక కొండ గర్భం నుండి, వేలాది కార్మికుల చేతుల మీదుగా వచ్చిన లోహాన్ని మనం నిమిషాల్లో త్రాగి పారవేస్తున్నాము.

ఒక డబ్బా బరువు సుమారు 14 గ్రాములు. దానిని మరల కరిగిస్తే మిగిలే విద్యుత్తు, 10 వాట్ల దీపాన్ని ఇంచుమించు 18 గంటలు వెలిగించగలదు. అయినా ఒక్క డబ్బాకు వచ్చే ధర అత్యల్పం. ఒంటరిగా దాచేవారికి విసుగు పుట్టడం సహజం. పదిమంది కలిస్తే అదే వేడుక అవుతుంది.

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. పిల్లల చేతికి ఒక అయస్కాంతం ఇవ్వండి. అంటుకొన్న డబ్బా ఇనుముది, అంటుకొననిది అల్యూమినియం. మెరిసే రేకును గుప్పిట నలిపి వదలమనండి. నలిగినట్లే ఉండిపోతే అది అల్యూమినియం. తిరిగి విచ్చుకుంటే అది ప్లాస్టిక్. చిరుతిళ్ల పొట్లాలు చాలావరకు ఇటువంటివే. కిలోకు ఎన్ని డబ్బాలు తూగుతాయో ముందుగా ఊహించి, తరువాత తూచి చూడవచ్చును. జవాబు దాదాపు 70. వనభోజనాలలో, విందులలో ఒక సంచిని ఖాళీ డబ్బాలకే కేటాయించి, ఏ ఇంటివారు ఎన్ని చేర్చారో ఒక పుస్తకంలో వ్రాయవచ్చును. వచ్చిన సొమ్మును దేనికి వినియోగించాలో పిల్లలే నిర్ణయించాలి. గ్రంథాలయానికి ఒక కథల పుస్తకమైనా సంతోషమే.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. చీమలు పట్టకుండా డబ్బాను కడిగి ఆరబెట్టాలి. అంచులు చేతిని కోస్తాయి కనుక కత్తిరించరాదు. మంటలో వేయరాదు. చెత్తకుప్పలలో వెదకడానికి పిల్లలను పంపరాదు.

మన దేశంలో పాత లోహం కొలిమికి చేరుతున్నదంటే అది చాలావరకు చెత్త ఏరుకొనే శ్రామికుల, పాత సామాన్ల వ్యాపారుల చలవయే. కుళ్ళిన చెత్తలో, పగిలిన గాజు ముక్కల నడుమ వారు చేయి పెట్టి తీసే డబ్బాను మనమే శుభ్రపరచి వారి చేతికి అందిస్తే, వారి చేతికి గాయం తప్పుతుంది, వస్తువుకు ధర నిలుస్తుంది. పిల్లలు ఈ ఆటలో నేర్చుకోవలసిన ముఖ్యమైన పాఠం ఇదే. తూకం వేసేనాడు ఆ బండివానిని కూడా పిలిచి, కూర్చోబెట్టి, అతని అనుభవం అడిగి తెలుసుకోవడం ఎంతైనా సముచితం.